భూమితో పాటు ఏమొస్తుంది?



ఊళ్ళో పొలం బేరం జరుగుతుంటే మీరెప్పుడైనా అరుగు మీద కూర్చుని విన్నారా? మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లెటూరు. చిన్నప్పుడు నేను అలాంటి బేరాలు చాలా విన్నాను. మొదటి మాట ఎప్పుడూ ఒకటే. ఎకరం ఎంత? మిగతావన్నీ తర్వాత. బోరుందా? దారుందా? కాగితాలు ఎవరి పేరున ఉన్నాయి? పొద్దుగూకేసరికి బయానా చేతులు మారేది. ఎవరో ఒకరు టీ తెప్పించేవారు. బేరం ముగిసినట్టే.

ఇవాళ మీకు ఇంకో రకం బేరం చెబుతాను. ఇది అమెరికాలో, టెక్సస్ రాష్ట్రంలో. ఆస్టిన్ నగరానికి పడమరగా లానో అనే చిన్న ఊరుంది. ఆ ఊరి దగ్గర ఒక పెద్దాయన తన రాంచ్ అమ్మకానికి పెట్టాడు. రాంచ్ అంటే మనం అనుకునే పొలం కాదండీ. అక్కడ దున్నేది లేదు, విత్తేది లేదు. అది గడ్డి బీడు. పశువులు మేసే నేల, జింకలు తిరిగే నేల. మేతకి పనికొస్తుంది, వేటకి పనికొస్తుంది.

ఆస్టిన్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి దగ్గరికి వెళ్ళినప్పుడు, వాడి స్నేహితుడొకడు ఆ నేల చూడ్డానికి బయల్దేరాడు. మన తెలుగు కుర్రాడే. నేనూ కారెక్కాను.

గేటు దగ్గరే నాకు మొదటి పాఠం. కుర్రాడు దిగి గేటు తీశాడు. కారు లోపలికి రాగానే వెనక్కి వెళ్ళి మళ్ళీ వేశాడు. అక్కడ అదొక నియమం. గేటు మూసి ఉంటే మళ్ళీ మూయాలి. తెరిచి ఉంటే తెరిచే వదిలేయాలి. దాని వెనక మంద ఎటు వెళ్ళాలో, ఎక్కడ నీళ్ళు తాగాలో యజమాని లెక్క ఉంటుంది. మన మంచితనం కొద్దీ తెరిచి ఉన్న గేటు మూసేశామంటే, ఆవులు దప్పికతో అవతలే ఉండిపోతాయి.

రెండో పాఠం ఇంకో పది నిమిషాల్లో. మాట కలుపుదామని పెద్దాయన్ని అడిగాను. ఆవులెన్ని ఉన్నాయండీ? ఆయన నవ్వి, చాలినన్ని ఉన్నాయన్నాడు. తర్వాత కుర్రాడు చెవిలో చెప్పాడు. అంకుల్, ఇక్కడ ఆవులెన్ని అని అడగకూడదు. బ్యాంకులో డబ్బెంత ఉందని అడిగినట్టు.

సరే, ఎకరం ఎంతో అడుగుదామనుకున్నాను. నా మొహం చూసే కనిపెట్టినట్టున్నాడు పెద్దాయన. ధర సంగతి తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఈ భూమితో పాటు ఏమొస్తుందో అడగండి, ఏం రాదో కూడా అడగండి అన్నాడు.

శ్రోతలూ, ఈ పూట నా ప్రసంగమంతా ఈ ఒక్క ప్రశ్నేనండీ. భూమితో పాటు ఏమొస్తుంది? ఏం రాదు?

మొదట వచ్చేది గడ్డి. ఆ రాంచ్ సుమారు 600 ఎకరాలు. మన దగ్గరైతే చిన్న ఊరి ఆయకట్టంత. కానీ అక్కడ ఎకరాల లెక్క ఎవరూ మొదట చెప్పరు. ఒక ఆవు, దాని దూడ ఏడాది పొడుగునా మేయాలంటే ఎన్ని ఎకరాలు కావాలి? అదీ అక్కడి కొలత. లానో చుట్టుపక్కల ఆవుకి 20 ఎకరాలకి తగ్గదట. భాగించి చూసుకోండి. 600 ఎకరాల మీద 30 ఆవులు. అన్నట్టు, ఆయన చెప్పకపోయినా నా మొదటి ప్రశ్నకి జవాబు దొరికిపోయింది!

ఎందుకింత తక్కువ? వాన. టెక్సస్ తూర్పు కొసన ఏడాదికి 50 అంగుళాల పైన వాన పడుతుంది. పడమటి కొసన ఎల్ పాసోలో 10 అంగుళాలు కూడా పడదు. తూర్పున నాలుగైదు ఎకరాలతో ఒక ఆవు బతుకుతుంది. పడమరకి వెళ్తే 50 ఎకరాలున్నా చాలని చోట్లున్నాయి. కాబట్టి ఎకరం ఎంత అన్న మాటకి అర్థమే లేదు. ఆ ఎకరం ఎంత మేపుతుంది? అదీ ప్రశ్న.

పెద్దాయన వంగి ఒక గడ్డి దుబ్బుని చేత్తో పాయలుగా విడదీసి చూపించాడు. సన్నని ఆకు. మొదళ్ళ దగ్గర నీలి ఛాయ, కొసల్లో కొంచెం రాగి రంగు. లిటిల్ బ్లూస్టెమ్ అంటారు దాన్ని. ఆవులకి ఇష్టమైన గడ్డి. ఇలాంటి మొక్కల్ని అక్కడి పశుపోషకులు ఐస్‌క్రీమ్ మొక్కలంటారు. పిల్లలు విందులో ముందు ఐస్‌క్రీమ్ దగ్గరికే పరిగెత్తినట్టు, ఆవు ముందు వీటినే వెతుక్కుంటుంది. మంద మోతాదు మించితే ముందు మాయమయ్యేవి ఇవే. ఆవు ముట్టనివి మిగులుతాయి. అవి కూడా పచ్చగానే ఉంటాయి. అందుకే పెద్దాయన అన్నాడు. పచ్చదనం చూసి కొనొద్దు, ఏది పచ్చగా ఉందో చూసి కొనండి.

ఆ మాట అంటూ ఆయన ఒక ముళ్ళ చెట్టుని కాలితో తన్నాడు. చూస్తే నాకు ఎక్కడో చూసిన చెట్టులా అనిపించింది. సన్నని జంట ఆకులు, పొడుగాటి కాయలు, పట్టుకుంటే దిగే ముళ్ళు. అచ్చం మన సర్కారు తుమ్మ! అక్కడ దాన్ని మెస్కీట్ అంటారు. మన సర్కారు తుమ్మకి దగ్గర చుట్టం. మన చెట్టు కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చిందే కదా. ఆవు కాయలు తింటుంది. విత్తనం పేడలో బయటపడి మొలుస్తుంది. చూస్తూండగానే బీడంతా కమ్మేస్తుంది. రైతు దాన్ని కొట్టలేక చస్తాడు. ఇక్కడా అంతే, అక్కడా అంతే.

గడ్డి తర్వాత నీళ్ళు. పెద్దాయన ట్యాంక్ చూపిస్తానన్నాడు. నేను ఏ ఇనుప తొట్టో, సిమెంటు తొట్టో అనుకున్నాను. తీరా చూస్తే మట్టికట్ట వేసిన కుంట. పశువుల కుంటని టెక్సస్ వాళ్ళు ట్యాంక్ అంటారు. హైదరాబాద్ ట్యాంక్‌బండ్ గుర్తొచ్చి నవ్వుకున్నాను. కుంట గట్టున పాత గాలిమర ఒకటి. గాలి వీచినప్పుడు తిరుగుతూ నేల అడుగునుంచి సన్నని ధారగా నీళ్ళు తోడుతోంది. కిర్రు, కిర్రు అని ఒకటే చప్పుడు. ఆ గాలిమర, ఆ కుంట, ఆ కంచె, ఆ దొడ్డి. ఇవన్నీ భూమితో పాటు వస్తాయి.

మరి ఆవులు? అవి రావు. కావాలంటే వేరే బేరం. కుంట దగ్గర నాలుగు ఆవులు నీళ్ళు తాగుతున్నాయి. వాటి మెడ మీద మూపురం చూసి నేను ఆగిపోయాను. అమెరికా ఆవుకి మూపురం ఏమిటండీ? పెద్దాయన చెప్పాడు. వీటిలో బ్రాహ్మన్ నెత్తురుందని. బ్రాహ్మన్ అనే ఆ అమెరికా జాతిని మన దేశపు పశువుల నుంచే తయారు చేసుకున్నారు. గుజరాత్ వైపు గిర్, కాంక్రేజ్ జాతులు, కృష్ణా లోయ జాతి, వాటితో పాటు మన ఒంగోలు జాతి. వాళ్ళు దాన్ని నెల్లూరు పేరుతో పిలుస్తారు. టెక్సస్ ఎండకీ, పిడుదులు తెచ్చే జ్వరానికీ యూరప్ ఆవులు తట్టుకోలేకపోయాయి. మన మూపురం పశువు తట్టుకుంది. ఎక్కడి లానో, ఎక్కడి ఒంగోలు! ఆ ఆవు నా వంక చూసి తల తిప్పుకుంది. నేను మాత్రం కాసేపు చూస్తూనే ఉండిపోయాను.

ఇప్పుడు వేట సంగతి. ఇది కొంచెం జాగ్రత్తగా వినండి. ఇక్కడే తమాషా ఉంది.

లానో చుట్టుపక్కల తెల్లతోక దుప్పులు విపరీతం. నవంబరు మొదటి శనివారం వేట కాలం మొదలవుతుంది. నగరాల నుంచి తుపాకులతో జనం దిగుతారు. కొందరు రైతులకి ఆవుల మీద వచ్చే డబ్బు కన్నా వేటగాళ్ళు కట్టే డబ్బే ఎక్కువ. మరి ఆ దుప్పులు ఎవరివి? పెద్దాయనవి కావు. అడవి దుప్పి టెక్సస్ రాష్ట్ర ప్రజలది. చట్టం అంతే. ఆయన నేల మీద పుట్టినా, ఆయన గడ్డి తిన్నా, ఆయన కుంటలో నీళ్ళు తాగినా ఆయనది కాదు. కాబట్టి ఆయన దాన్ని అమ్మలేడు.

మరి వేటగాళ్ళు ఆయనకి డబ్బెందుకు కడతారు? గేటు తీసినందుకు! టెక్సస్‌లో నూటికి 90కి పైగా నేల ప్రైవేటు వాళ్ళదే. మన ఊళ్ళలో ఉన్నట్టు బంచరాయి, మేత పోరంబోకు లాంటివి అక్కడ వెతికినా కనిపించవు. దుప్పి ప్రజలదే. కానీ దాన్ని చేరుకునే దారి రైతుది. వేటగాడు కొనేది దుప్పిని కాదు, దారిని. మరోసారి చెబుతాను. దుప్పి రాష్ట్రానిది, గేటు రైతుది.

ఒక చెట్ల గుంపు పక్కన మంచె కనిపించింది. మన చేలో మంచె మీద కూర్చునేవాడు పిట్టల్నీ పందుల్నీ తరిమేవాడు. అక్కడ మంచె మీద కూర్చునేవాడు జంతువు రావాలని ఊపిరి బిగబట్టి ఎదురుచూస్తాడు. ఎదురుగా మూడు కాళ్ళ మీద ఒక డబ్బా. దానికి గడియారం. తెల్లవారగానే గిర్రున తిరిగి మొక్కజొన్న గింజలు చల్లుతుంది. ఆ చప్పుడుకి దుప్పులు అలవాటు పడిపోతాయట. మన చేలో డబ్బా వాయిస్తే జంతువులు పారిపోయేవి. అక్కడ డబ్బా మోగితే వస్తాయి!

అంతకన్నా పెద్ద ఆశ్చర్యం పక్క రాంచ్‌లో. ఎనిమిదడుగుల కంచె. అవతల ఒక జంతువు. వెన్ను నల్లగా, కడుపు తెల్లగా, మెలికలు తిరిగిన కొమ్ములు. నేను కళ్ళు నులుముకున్నాను. కృష్ణజింక! మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. కర్నూలు వైపు రోళ్ళపాడులో చూశాను దాన్ని. టెక్సస్‌లో ఏం చేస్తోంది? 1930లలో వేట సరదా కోసం తెచ్చి వదిలారట. తెలంగాణ రాష్ట్ర జంతువైన చుక్కల జింక కూడా ఆ రోజుల్లోనే ఆ గడ్డ చేరింది. దక్షిణ టెక్సస్‌లో మన నీల్‌గాయిలు కూడా మందలు మందలుగా ఉన్నాయి.

ఇక చట్టం చూడండి. మన దేశంలో 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం కృష్ణజింకని వేటాడితే జైలు. ఎంత పెద్దవాడికైనా అదే. టెక్సస్‌లో అది పరదేశపు జంతువు. రాష్ట్రానిది కాదు, నేల యజమానిది. వేటకి ఫలానా కాలమని కూడా లేదు. ఏడాది పొడుగునా వేటాడొచ్చు. కంచెలోపల ఉంటే భూమితో పాటు అమ్మొచ్చు కూడా. స్థానిక దుప్పిని అమ్మలేని రైతు, మన కృష్ణజింకని అమ్మగలడు! ఇందులో ఇంకో మలుపుంది. పాకిస్తాన్‌లో కృష్ణజింకలు అంతరించిపోతే, 1970 ప్రాంతంలో మళ్ళీ పెంచడానికి కొన్నింటిని టెక్సస్ నుంచే తీసుకెళ్ళారు. వేట కోసం తెచ్చిన జంతువే విత్తనమైంది. దాన్ని మెచ్చుకోవాలో, బాధపడాలో నాకు ఇప్పటికీ తెలియదు.

సరే, పైన ఉన్నవి చూశాం. నేల కింద ఏముంది? టెక్సస్‌లో పైనేల ఒకరిది, అడుగున ఉన్న చమురు ఇంకొకరిది కావొచ్చు. ఎప్పుడో ఒక తాత భూమి అమ్ముతూ, అడుగున ఉన్నది మాత్రం నాదే అని దస్తావేజులో ఒక వాక్యం రాయిస్తాడు. మనవలూ మునిమనవలూ దాటినా ఆ వాక్యం చెల్లుతుంది. మీరు ముచ్చటపడి కొన్న బీడు మధ్యలోకి చమురు తోడే బండి వస్తే ఆపడం కష్టం. అందుకే అడగాలి. భూమితో పాటు కిందది కూడా వస్తుందా? మన పెద్దాయన నవ్వాడు. నా కింద గ్రానైట్ రాయి తప్ప ఏమీ లేదన్నాడు. గ్రానైట్ తవ్వే మా చీమకుర్తి వాళ్ళయితే ఆ రాయి చాలంటారని చెబుదామనుకున్నాను. బేరం పాడవుతుందని ఊరుకున్నాను.

ఇంకో చిన్న సంగతి చెప్పి దాటేస్తాను. పన్ను. పశువులు మేసే నేలకి మార్కెట్ ధర మీద కాదు, మేత విలువ మీద పన్ను వేస్తారు. అది చాలా తక్కువ. కొన్నవాళ్ళు పశువుల్ని తీసేసి ఇళ్ళ ప్లాట్లు వేశారనుకోండి, వెనకటి మూడేళ్ళ తేడా కూడా కక్కాలి. కాబట్టి ఆ తక్కువ పన్ను కూడా భూమితో వచ్చేదే. కానీ ఆవు ఉన్నన్నాళ్ళే.

ఇంతకీ తరాలుగా ఉన్న నేలని ఎందుకమ్ముతారు? చావు, అప్పు, విడాకులు. ఈ మూడే భూమిని అమ్మిస్తాయని అక్కడి బ్రోకర్లు అంటారు. నేను నాలుగోది కలుపుతాను. వాటాలు. అది మనకి కొత్తేం కాదు.

ఉత్తర టెక్సస్‌లో వెర్నన్ అనే ఊరి దగ్గర వాగనర్ రాంచ్ ఉంది. 5 లక్షల ఎకరాల పైన, ఒకే కంచెలో. మన హైదరాబాద్ జిల్లా లాంటివి దాదాపు పది పడతాయి అందులో. ఆ ఇంటివాళ్ళు నీళ్ళ కోసం బావులు తవ్విస్తుంటే చమురు పడిందనీ, ఆవులు దాన్ని తాగవు కదా అని ఇంటి పెద్ద విసుక్కున్నాడనీ కథ చెబుతారు. అంత ఆస్తి. కానీ కుటుంబంలో రెండు శాఖలు. అమ్మి పంచుకుందామని ఒకరు, వద్దని ఇంకొకరు. 1991లో కోర్టుకెక్కారు. 2014లో అమ్మకానికి పెట్టారు. అడిగిన ధర 72.5 కోట్ల డాలర్లు. 2016లో స్టాన్ క్రోయెంకీ అనే క్రీడా జట్ల యజమాని కొన్నాడు. పాతికేళ్ళు పట్టింది, శ్రోతలూ. గట్టు తగాదా మన ఊళ్ళో జానెడు నేల మీద జరుగుతుంది. అక్కడ పది జిల్లాలంత నేల మీద జరిగింది. తగాదా మాత్రం ఒకటే.

ఆ రాంచ్ ప్రధాన ద్వారానికి ఎదురుగా ఒక గుర్రం సమాధి ఉంది. పోకో బ్వేనో దాని పేరు. 1969లో చనిపోయింది. నిలబడిన భంగిమలోనే దాన్ని పూడ్చాలని యజమాని వీలునామాలో రాసిపెట్టాడు. అలాగే పూడ్చారు. యజమానులు మారారు. ఆ గుర్రం మాత్రం నేల కింద ఇంకా నిలబడే ఉంది.

మన పెద్దాయనకి కోర్టు గొడవ లేదు. ఇద్దరు కూతుళ్ళు. ఒకరు డాలస్‌లో, ఒకరు హ్యూస్టన్‌లో. ఇద్దరికీ గడ్డి మీద ఆసక్తి లేదు. బతికుండగానే అమ్మి చెరిసగం ఇద్దామని ఆయన ఉద్దేశం.

ఒకసారి వెనక్కి చూసుకుందాం. గడ్డి వస్తుంది. కుంట, గాలిమర, కంచె వస్తాయి. ఆవులు రావు. అడవి దుప్పి రాదు, దాని దగ్గరికి వెళ్ళే గేటు వస్తుంది. కంచెలోని కృష్ణజింక రావచ్చు. నేల కింద ఉన్నది రావచ్చు, రాకపోవచ్చు. ఇంతేనా?

ఇంకొకటి ఉంది. పెద్దాయన ఇంటి వరండాలో స్తంభానికి వాన కొలిచే గాజు గొట్టం కట్టి ఉంది. పక్కనే మేకుకి వేలాడుతూ ఒక నోటు పుస్తకం. అట్ట చిరిగి బట్ట టేపు అంటించి ఉంది. అడిగి తీసి చూశాను. తేదీ, వాన ఎంత, అంతే. వాళ్ళ నాన్న మొదలుపెట్టాడట. 1950లలో టెక్సస్‌ని ఏడేళ్ళు కాల్చిన కరువుంది చూశారూ, ఆ పేజీల్లో నెలలకి నెలలు సున్నాలు. పెన్సిలు గట్టిగా నొక్కి రాసిన సున్నాలు. 2011 కరువు పేజీలో పెద్దాయన చేతిరాత. అక్కడా సున్నాలే. ఒక తేదీ పక్కన మాత్రం రెండు మాటలు. కుంట ఎండింది.

ఏ ఏడు ఎన్ని ఆవుల్ని తగ్గించాలో, ఏ వానకి కుంట నిండుతుందో, అంతా అందులో ఉంది. ఆ నేల గురించి అంత నిజం చెప్పే కాగితం ఏ రిజిస్ట్రేషన్ ఆఫీసులోనూ దొరకదు.

పెద్దాయన అన్నాడు. కొనడానికి చాలామంది వచ్చారు. అందరూ దుప్పి కొమ్ముల ఫోటోలే అడిగారు. ఈ పుస్తకం అడిగింది మీరొక్కరే. మీరేమో కొనేవారు కాదు!

నేను అడిగాను. మరి ఈ పుస్తకం భూమితో పాటు వస్తుందా?

ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. పుస్తకం తీసుకుని మళ్ళీ మేకుకి తగిలించాడు. రాయడం మాననని మాటిస్తే ఇస్తాను అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు గేటు వేయడానికి నేనే దిగాను. ఆ కుర్రాడు ఆ నేల కొన్నాడా అని మీరడగొచ్చు. ఇంకా లెక్కలు వేసుకుంటున్నాడు. వాళ్ళింటి పెరట్లో మాత్రం ఇప్పుడు వాన కొలిచే గొట్టం ఒకటి ఉంది. మొన్న ఫోన్లో చెప్పాడు. అంకుల్, నిన్న ముప్పావు అంగుళం పడింది, రాసుకున్నాను అని.